మందులివ్వడం కన్నా పని నేర్పడమే పెద్ద సేవ
కాథలిక్ సిస్టర్లు (సన్యాసినులు) పల్లెలకు చేసిన గొప్ప మేలు ఉచితంగా మందులివ్వడమే అని ఒక వ్యాసంలో చదివాను, నేను ఒప్పుకోను. 1920లో ఆస్ట్రేలియా నుంచి గుంటూరు వచ్చిన డాక్టర్ సిస్టర్ మేరీ గ్లౌరీ వైద్యం చేయడంతో ఆగలేదు, ఇక్కడి ఆడపిల్లలకే మందులు కలపడం, కాన్పులు చేయడం నేర్పించారు, 1943లో కాథలిక్ ఆసుపత్రుల సంఘాన్ని మొదలుపెట్టిందీ ఆవిడే. మా అమ్మమ్మ మంత్రసాని. సిస్టర్ల దగ్గర నేర్చుకున్నాక బొడ్డు కోసే బ్లేడును నీళ్లలో మరిగించందే ముట్టుకునేది కాదు, మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకునేది. ఆ సిస్టర్లు వేరే ఊరికి వెళ్లిపోయాక కూడా పక్క ఊళ్లవాళ్లు అర్ధరాత్రి ఎడ్లబండి కట్టుకుని మా అమ్మమ్మ కోసం వచ్చేవాళ్లు.