లింకు అందినవాళ్ల దిగులే లెక్కకెక్కింది

లాక్‌డౌన్ కాలంలో ప్రతి పదిమంది భారతీయుల్లో నలుగురు ఆందోళనతోనో కుంగుబాటుతోనో బాధపడ్డారన్న మాట ఈమధ్య ఒక చర్చలో మళ్లీ వినబడింది. ఆ మాట ఎక్కడ పుట్టిందో తెలుసు కాబట్టి, అదే కాలంలో అలాంటి లెక్క ఒకటి నేనూ తయారుచేశాను కాబట్టి, కాస్త వివరంగా రాయాలనిపించింది. 2020 ఏప్రిల్‌లో ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ అనే మానసిక వైద్యుల సంఘం ఆన్‌లైన్‌లో ఒక సర్వే జరిపింది. ప్రశ్నల లింకును వాట్సాప్‌లోనూ, ఇతర సామాజిక మాధ్యమాల్లోనూ ఒకరి నుంచి ఒకరికి పంపించుకుంటూ పోయారు. చివరికి లెక్కలోకి తీసుకున్న జవాబులు 1,685. వారిలో 40.5 శాతం మందికి ఆందోళన లక్షణాలో, కుంగుబాటు లక్షణాలో ఉన్నాయని తేలింది. ఎలా సేకరించారో ఆ వైద్యులు దాచలేదు. గడప దాటే వీలులేని రోజుల్లో ఆ మాత్రం సమాచారం రాబట్టడం చిన్న పని కూడా కాదు. అయితే నలుగురి నోళ్లలో నలిగేసరికి ఆ 1,685 మంది కాస్తా ‘భారతీయులు’ అయిపోయారు.

ఆ లింకు ఎవరి చేతికి వెళ్లగలదో ఒకసారి ఆలోచించండి. మహమ్మారికి సరిగ్గా ముందు, 2019లో మన రెండు రాష్ట్రాల్లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, జీవితంలో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, తెలంగాణలో 26.5 శాతం అని చెప్పింది. అంటే మన ఆడవాళ్లలో నలుగురిలో ముగ్గురి దాకా అడగకముందే జాబితాలో లేకుండా పోయారన్నమాట. గుజరాత్‌లోని వెరావల్ హార్బర్‌లో వారాల తరబడి బోట్లలోనే ఉండిపోయిన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులకు అప్పుడు కావలసింది తాగునీరు, ఇంటికి చేర్చే బస్సు. 2020 మే 1న లింగంపల్లి నుంచి ఝార్ఖండ్‌లోని హటియాకు దేశంలోనే మొదటి శ్రామిక్ రైలు కదిలినప్పుడు, అందులో ఎక్కిన దాదాపు 1,200 మంది కూలీలను ఆ నెలన్నర మీ మనసు ఎలా ఉందని అడిగినవారు ఉంటారని నేననుకోను. ఆ రోజుల్లో అందరికన్నా ఎక్కువ నలిగినవాళ్లే పరిశోధనకు అందరికన్నా దూరంగా ఉండిపోయారు.

ఇక నా సంగతి చెబుతాను. అప్పుడు నేను ప్రజారోగ్యంలో పీజీ చివరి ఏడాదిలో ఉన్నాను. ఊళ్లలో తిరిగి చేయవలసిన నా అధ్యయనం లాక్‌డౌన్‌తో ఆగిపోయింది. మా గైడ్ ఫోన్ చేసి, “ఆన్‌లైన్‌లో చేసేయమ్మా, ఇప్పుడందరూ అదే చేస్తున్నారు” అన్నారు. చేసేశాను. కుంగుబాటును కొలవడానికి ప్రపంచమంతా వాడే పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పత్రాన్ని గూగుల్ ఫారంలో పెట్టి, బంధువుల గ్రూపుకీ, కాలేజీ గ్రూపులకీ, మా అపార్ట్‌మెంట్ గ్రూపుకీ పంపించాను. గడిచిన రెండు వారాల్లో ఫలానా ఇబ్బంది ఎన్ని రోజులు ఉందని ప్రతి ప్రశ్నా అడుగుతుంది. జవాబును బట్టి 0 నుంచి 3 దాకా మార్కులు పడతాయి. మొత్తం 27లో 10 గానీ అంతకు మించి గానీ వస్తే కుంగుబాటు ఉండవచ్చని అనుమానిస్తారు. వారం తిరక్కుండానే రెండు వందలకు పైగా జవాబులు వచ్చాయి. అందరూ చదువుకున్నవాళ్లు, చాలామంది ఇంటి నుంచే ఉద్యోగం చేసుకుంటున్నవాళ్లు. వాళ్ల బాధ అబద్ధమని అనడం లేదు.

నా మనసుకే తృప్తిలేక, ఒక సాయంత్రం ఆ ప్రశ్నలను కాగితం మీద ప్రింటు తీసుకుని మా వాచ్‌మన్ భార్య దగ్గరికి వెళ్లాను. పాలమూరు వైపు మనిషి. సెల్లార్‌లో వాళ్ల గది ముందు, మాస్కులు పెట్టుకుని, మెట్ల మీద ఆమె, స్టూలు మీద నేను. పనులు చేయడంలో ఆసక్తి గానీ ఆనందం గానీ తగ్గినట్టు అనిపించిందా అని మొదటి ప్రశ్న చదివాను. “నాలుగిండ్లల్ల పని జేస్తుంటి, నలుగురూ రావొద్దన్నరు. పనే లేకపాయె, ఇంక దాని మీద ఇష్టమేందమ్మా?” అంది. ఆకలి మందగించిందా అంటే, “పిల్లలు తిన్నంక మిగిలితే తింట” అంది. పేపరు చదవడం, టీవీ చూడటం లాంటి వాటి మీద ధ్యాస నిలవడం లేదా అని అడిగినప్పుడు మాత్రం నవ్వింది. “టీవీకి పైసలు గట్టక నెలాయె.” ఎక్కడ టిక్కు పెట్టాలో తెలియక నేను పెన్ను పట్టుకుని కూర్చుంటే, నా అవస్థ చూసి తనే అందుకుంది. “గివన్నీ గాదమ్మా. నాకు రంది వట్టుకున్నది. ఊళ్లె మా అత్త ఒక్కతే ఉన్నది. రాత్రంత గదే తిరుగుతది తలకాయల.”

ఎలాగో మార్కులు వేస్తే ఆమెకు 11 వచ్చింది. అందులో ఎక్కువ భాగం తిండి, నీరసం, నిద్ర దగ్గర పడ్డవే. అది కుంగుబాటా, బియ్యం చాలకపోవడమా అని ఆ పత్రం నాకు చెప్పలేదు. రాష్ట్ర ప్రభుత్వం కార్డుదారులకు మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1,500 రూపాయలు ప్రకటించిన రోజులవి. కానీ వాళ్ల కార్డు ఊళ్లో అత్త దగ్గర ఉండిపోయింది. ఆమె చెప్పిన ‘రంది’ అనే మాటకు మాత్రం నా తొమ్మిది ప్రశ్నల్లో చోటు లేదు.

తొమ్మిదో ప్రశ్న ఆమెను నేను అడగనేలేదు. బతికుండటం కన్నా చనిపోతే మేలనే ఆలోచన వచ్చిందా అనేది ఆ ప్రశ్న. ఆమె ముఖం చూస్తూ నోరు రాలేదు. మరి అదే ప్రశ్నను ముఖం తెలియని రెండు వందల మందిని ఎలా అడిగానో నాకిప్పటికీ అర్థం కాదు. ఫలితాల షీటులో ఆ వరుస కిందికి జరుపుకుంటూ వెళ్తే ముగ్గురి గడుల్లో 3 కనిపించింది. దాదాపు ప్రతిరోజూ అని అర్థం. ఫారంలో పేర్లు అడగలేదు, నంబర్లు అడగలేదు. గోప్యత కాపాడతామని పైన గర్వంగా రాసుకున్నాం కూడా. చివర్లో ఒక హెల్ప్‌లైన్ నంబరు పెట్టి చేతులు దులుపుకున్నాం. ఇలాంటి ఫారాలు ఆ ఏడాది దేశంలో ఎన్ని తిరిగాయో, ఎన్ని షీట్లలో ఆ గడిలో 3లు మిగిలిపోయాయో తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు.

మాటల దగ్గరికి మళ్లీ వస్తాను, ఎందుకంటే దీన్ని చాలామంది భాషాభిమానుల గొడవగా కొట్టిపారేస్తారు. రంది వేరు, మనాది వేరు, బెంగ వేరు. తలలో తెగకుండా తిరిగే దిగులు రంది. దూరాన ఉన్నవాళ్ల కోసం పడేది బెంగ. మనిషిని లోపల్లోపల తినేసి చిక్కిపోయేలా చేసేది మనాది. ‘కుంగుబాటు’ అనేది మనం పత్రికల్లో రాసుకునే మాట. ఆ మాటతో ఏ ముసలమ్మా తన బాధ చెప్పుకోగా నేను వినలేదు. జింబాబ్వేలో షోనా భాష మాట్లాడేవాళ్లు ఇలాంటి స్థితిని ‘కుఫుంగిసిసా’ అంటారు. అతిగా ఆలోచించడమని దాని అర్థం. 1990లలో మానసిక వైద్యుడు విక్రమ్ పటేల్, ఆయన సహచరులు ఆ దేశ రాజధాని హరారేలో జనం వాడే మాటలనే ఆధారం చేసుకుని 14 ప్రశ్నల పత్రం తయారుచేశారు. తర్వాత డిక్సన్ చిబండా మొదలుపెట్టిన ‘ఫ్రెండ్‌షిప్ బెంచ్’ కార్యక్రమంలో, మామూలు అవ్వలు బెంచీ మీద కూర్చుని మనుషుల గోడు వినడానికి ఆ ప్రశ్నలే పనికొచ్చాయి. మనకన్నా పేద దేశం చేసిన పని అది. కాబట్టి డబ్బు లేక చేయలేదని మనం అనకూడదు.

ఇంకో లోటు మహమ్మారికి ముందుది. ఎంత పెరిగిందో చెప్పాలంటే మునుపు ఎంత ఉండేదో తెలిసి ఉండాలి. 2015-16లో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ ఆధ్వర్యంలో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో దాదాపు 35 వేల మంది పెద్దవాళ్లతో ఇంటికెళ్లి మాట్లాడింది. చాలా మంచి పని. దక్షిణాది నుంచి అందులో ఉన్నవి తమిళనాడు, కేరళ మాత్రమే. ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. తెలుగువాళ్ల మనసుల మీద కోవిడ్ ఎంత దెబ్బ కొట్టిందని ఎవరైనా అడిగితే, దేనితో పోల్చి చెప్పాలి? ప్రపంచ స్థాయిలోనూ ఇదే వరస. 2020లో తీవ్ర కుంగుబాటు కేసులు 27.6 శాతం పెరిగాయని 2021లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన అంచనాకు పనికొచ్చిన ఆధారాలు 48. వాటిలో అత్యధికం పశ్చిమ యూరప్, ఉత్తర అమెరికాలవి. మన సంఖ్య అక్కడి సంఖ్యల నుంచి లెక్కగట్టినదే.

ఆధారాలు మన కళ్లెదుటే ఉన్నాయి, చూసే తీరిక లేకపోయింది. మద్యం, కల్లు దుకాణాలు మూతపడ్డ తొలి వారాల్లోనే ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి వణుకుతో, ఫిట్స్‌తో, పొంతనలేని మాటలతో మనుషులు వరస కట్టారు. తెలంగాణలో కల్తీ కల్లులో ఆల్ప్రజోలాం లాంటి మత్తు కలిగించే మందులు కలుపుతారన్నది ఎక్సైజ్ వాళ్లకు కొత్త విషయం కాదు. అది ఉన్నట్టుండి ఆగిపోతే ఏమవుతుందో ఆ ఓపీ రిజిస్టర్లలో పేజీల కొద్దీ ఉంటుంది. ఏ గూగుల్ ఫారమూ దాన్ని పట్టుకోలేదు. జాతీయ నేర గణాంకాల ప్రకారం ఆత్మహత్య చేసుకున్న దినకూలీలు 2019లో 32,563 మంది, 2020లో 37,666 మంది, 2021లో 42,004 మంది. అవి పోలీసు రికార్డులు, అంతకు ముందు నుంచీ పెరుగుతున్న సంఖ్యలు, అంతా కోవిడ్ వల్లనే అనడం తొందరపాటు అవుతుంది. కానీ ఆ వరుసను పట్టుకుని పల్లెలకు వెళ్లి అడగవలసిన ప్రశ్నలు చాలా ఉన్నాయి. మా ఇంటికి జ్వరం సర్వేకు వచ్చిన ఆశా కార్యకర్త దగ్గు, జలుబు, జ్వరం అడిగి రాసుకుని వెళ్లింది. నిద్ర పడుతోందా అన్న ఒక్క మాట ఆ పుస్తకంలో ఉండి ఉంటే, గడపగడపకూ తిరిగిన ఆ కష్టానికి ఇంకెంత ఫలితం దక్కేదో!

ఆ పరిస్థితుల్లో అంతకన్నా ఏం చేయగలం అంటారు కొందరు. చేసి చూపించినవాళ్లున్నారు. స్ట్రాండెడ్ వర్కర్స్ యాక్షన్ నెట్‌వర్క్ అనే స్వచ్ఛంద బృందం, లాక్‌డౌన్ మొదలైన మూడు వారాలకే, చిక్కుకుపోయిన 11,159 మంది కూలీల వివరాలతో నివేదిక తెచ్చింది. అదంతా మామూలు ఫోన్ల మీద, వాలంటీర్లు మాట్లాడి సేకరించినది. మాట్లాడటంతో ఆగకుండా వాళ్లకు తిండి, డబ్బు చేర్చే ప్రయత్నమూ చేశారు. జవాబు చెప్పిన మనిషి ఎవరో తెలిసి ఉండటం ఎంత అవసరమో నాకు అక్కడ అర్థమైంది.

నా అధ్యయనానికి మంచి మార్కులే వచ్చాయి. పరిమితులు అనే శీర్షిక కింద, ఇంటర్నెట్ సౌకర్యం లేనివారు ఇందులో లేరని ఒక వాక్యం రాశాను. అందరూ రాసే వాక్యమే. వాచ్‌మన్ భార్య జవాబులను కూడా కలుపుదామని మా గైడ్‌ను అడిగితే, కాగితం మీద తీసుకున్నవి కాబట్టి పద్ధతికి సరిపోవని, పక్కన పెట్టేయమని చెప్పారు. పెట్టేశాను.