రాగి ఎన్ని గంటలు నిలుస్తుంది?

బోరు నీళ్లు వాడే ఇళ్లలో గీజర్ కాయిల్‌కు పట్టే తెల్లటి పొర అందరికీ తెలిసిందే. కార్బన్ డయాక్సైడ్‌ను కరెంటుతో పనికొచ్చే రసాయనాలుగా మార్చే పరిశోధనను ఇప్పుడు ముప్పుతిప్పలు పెడుతున్నదీ అలాంటి తెల్లటి ఉప్పే.

జపాన్‌లోని చిబా విశ్వవిద్యాలయంలో యోషియో హోరి బృందం 1985లో రాగి ఎలక్ట్రోడ్ (కరెంటును ద్రావణానికి అందించే లోహపు ముక్క) మీద కార్బన్ డయాక్సైడ్ నుంచి మీథేన్‌ను, ఆ వెంటనే ఇథిలీన్‌ను రాబట్టింది. వెండి, బంగారం మీద ఈ చర్య కార్బన్ మోనాక్సైడ్ దగ్గరే ఆగిపోతుంది. తగరం మీద ఫార్మేట్ అనే ఫార్మిక్ ఆమ్లపు లవణం వస్తుంది. రాగి తీరు వేరు. మోనాక్సైడ్‌ను అది మరీ గట్టిగా పట్టుకోదు, పూర్తిగా వదిలేయదు. అందుకే రెండు అణువులు పక్కపక్కన చేరి ఇథిలీన్‌గా మారే వీలు దొరుకుతుంది. క్యారీబ్యాగుల నుంచి పైపుల దాకా ముడిసరుకైన ఇథిలీన్ కోసం ఇప్పుడు నాఫ్తా వంటి పెట్రోలియం సరుకులను 800 డిగ్రీలకు పైగా వేడి చేస్తున్నారు.

చిక్కేమిటంటే, రాగి ఒక్క సరుకుతో సరిపెట్టదు. 2012లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు దాని మీద 16 రకాల పదార్థాలు పుట్టడం చూశారు. 2018లో టొరంటో బృందం 70 శాతం కరెంటు ఇథిలీన్‌కే వెళ్లేలా చేసి, ఎలక్ట్రోడ్‌ను 150 గంటలు నిలబెట్టింది. గొప్ప విజయమే. కానీ 150 గంటలంటే వారం కూడా కాదు. ఈ వాయువును వదిలే సిమెంటు ఫ్యాక్టరీలో బట్టీ నెలల తరబడి ఆగకుండా మండుతుంది.

ఇలాంటి ఎలక్ట్రోడ్లను విప్పి చూస్తే కారణం కళ్లకు కడుతుంది. సాధారణంగా సన్నని కార్బన్ షీటు మీద రాగి పూత, ఒకవైపు గ్యాస్, మరోవైపు క్షార ద్రావణం. లోపలికి వెళ్లిన కార్బన్ డయాక్సైడ్‌లో చాలా భాగం ఆ క్షారంతో కలిసి కార్బొనేట్ ఉప్పుగా మారి, గ్యాస్ వెళ్లే రంధ్రాలను పూడ్చేస్తుంది. ఈలోగా రాగి రేణువులు కూడా ఆకారం మార్చుకుంటాయి. ద్రావణంలో ఇనుము, జింకు లేశమాత్రం ఉన్నా రాగి త్వరగా చచ్చుబడుతుందని 2005లో హోరీయే తేల్చారు.

ప్రయోగశాలలకు నిధులిచ్చేవారు ఇకపై ‘ఎంత శాతం?’ అని అడిగి ఊరుకోకుండా, ‘ఎన్ని గంటలు?’ అని కూడా అడగాలి. సిలిండర్‌లోని స్వచ్ఛమైన వాయువుతో కాక, గంధకం కలిసిన అసలు ఫ్యాక్టరీ పొగతో పరీక్షించాలి. బొగ్గు కరెంటుతో చేస్తే మార్చేదానికంటే వదిలేదే ఎక్కువవుతుంది కాబట్టి సౌర, పవన విద్యుత్తే వాడాలి.

ఈ పని తెలుగువారికి దూరమైనది కాదు. సిమెంటు తయారీలో వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు 60 శాతం సున్నపురాయి నుంచే వస్తుంది. ఇంధనం మార్చినా అది ఆగదు. ఎర్రగుంట్ల, తాండూరుల్లో సిమెంటు బట్టీలున్నాయి. రాగిలా రసాయన చర్యలను నడిపించే ఉత్ప్రేరకాల మీద దశాబ్దాల అనుభవమున్న ఐఐసీటీ (భారతీయ రసాయన సాంకేతిక సంస్థ) హైదరాబాద్‌లోనే ఉంది. ఒక ఫ్యాక్టరీ తన చిమ్నీ నుంచి చిన్న పైపు లాగి పరిశోధకులకు ఇస్తే, రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు ఆ ఖర్చు పంచుకుంటే, వెయ్యి గంటల పరీక్ష ఇక్కడే మొదలుపెట్టవచ్చు. వెయ్యి గంటలంటే దాదాపు 42 రోజులు.