ఫైర్ డోర్ కింది బండముక్కకు బహిరంగ లేఖ

శ్రీయుత షాబాద్ బండముక్కన్నకు,

మెయింటెనెన్సోళ్లు దండం పెట్టి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం, ఇప్పటిదాకైతే. చౌటుప్పల్ నుంచి జడ్చర్ల దాకా ఏ ఫ్యాక్టరీకి పోయినా మెట్లకాడ మంటను, పొగను ఆపే ఫైర్ డోర్ మూసుకోకుండ దాని కింద నువ్వో, నీ తమ్ముడో కనపడుతనే ఉన్నరు. మూడు షిఫ్టులూ నీదే డ్యూటీ. పీఎఫ్ లేదు, ఈఎస్ఐ లేదు, ఓటీ అడగవు. నీకు సెలవులు రెండే: మార్చి 4న జాతీయ భద్రతా దినం, ఏప్రిల్ 14 నుంచి 20 దాకా ఫైర్ సర్వీస్ వారోత్సవాలు. ఆడిటర్ గేటుకాడికి వచ్చిండని సెక్యూరిటీ ఫోన్ చేస్తే ఇంకో పూట. అప్పుడు నిన్ను పూలకుండీ ఎనక దాస్తరు. ఆయన కారు హైవే ఎక్కంగనే మళ్లా తలుపు కిందికి.

నువ్వు పట్టుకున్న తలుపు ఏందో ఎవరన్నా చెప్పిండ్రా? అంచుకు ఒక రేకు బిళ్ల ఉంటది. దాని మీద పెయింటర్ రంగు పూయకపోతే చదువు. ఐఎస్ 3614 అని (ఫైర్ డోర్లకు మన దేశ ప్రమాణం నంబరు), 120 నిమిషాలని ఉంటది. మంటను అంతసేపు ఆపుతదని కొలిమి ముందట నిలబెట్టి పరీక్షించినంక ఇచ్చిన లెక్క అది. అయితే ఆ లెక్క మూసిన తలుపుకే. నువ్వు ఆపిన తలుపుకు రేటింగు సున్నా నిమిషాలు, కొత్తదైనా సరే.

మంట మెల్లగనే వస్తది, పొగ ఆగదు. 2023 మార్చిలో సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్సులో ఆరుగురి ప్రాణం తీసింది పొగే. మెట్లల్లకు పొగ రాకుండా ఫ్యాన్లతో గాలి నింపే బిల్డింగులుంటయి. అక్కడ 50 పాస్కల్ల ఒత్తిడి ఉండాలని నేషనల్ బిల్డింగ్ కోడ్ లెక్క. ఒక్క అంతస్తుల నువ్వు తలుపు తెరిచి కూసుంటే గాలంతా అటే పోతది. మిగతా అంతస్తులకు ఫ్యాన్ చప్పుడే మిగుల్తది.

అట్లని తప్పంతా నీమీద వేస్తే అన్యాయం. నువ్వు నడిచి రాలేదు కద. మే నెలల నల్లగొండ ఎండకు షెడ్డు మండుతుంటే మెట్లకాడి నుంచి జర చల్లగాలి వస్తదని ఒకరు నిన్ను తెచ్చిండ్రు. పాలెట్ ట్రక్, అదే సరుకుల బండి, గుంజుకపోయేటోడు రెండు చేతులూ ఖాళీ లేక తెచ్చిండు. తలుపును దానంతటదే మూసే క్లోజర్ చెడి తలుపు వీపు మీద దడేల్మని పడుతుంటే ఇంకొకరు తెచ్చిండ్రు. ఇవి సర్దకుండా నిన్ను ఒక్కడిని పారేస్తే ఏమైతది? రేపు పెయింటు డబ్బా వస్తది. డబ్బా తీస్తే ఫైర్ ఎక్స్‌టింగ్విషరే వస్తది. మంట ఆర్పే సిలిండర్‌తోని మంటకు తలుపు తెరిచిపెట్టే తెలివి మనోళ్లకే ఉంది.

అందుకే నీ ఉద్యోగం పీకాలంటే ముందు క్లోజర్ సంగతి చూడాలె. లోపల స్ప్రింగు, నూనె. పక్కన చిన్న స్క్రూలు. ఒకటి తలుపు మూసుకునే వేగానికి, ఇంకోటి ఆఖరి బెత్తెడు దూరానికి. తలుపు దడేల్మంటే, లాచ్ దాకా రాకుండ మధ్యల ఆగితే, స్క్రూను ఒకసారికి పావు చుట్టు మించి తిప్పొద్దు. మొత్తం వెనక్కి తిప్పితే నూనె బయటికొస్తది, దాంతోని క్లోజర్ కథ ఖతం. తిప్పినంక తలుపును బార్లా తెరిచి వదలాలె. తర్వాత నాలుగు వేళ్ల సందు మాత్రమే తెరిచి వదలాలె. రెండు సార్లూ చెయ్యి తాకకుండ లాచ్ టక్కుమని పడాలె. చాలామంది మొదటిదే చేసి రిజిస్టర్‌ల టిక్కు కొడతరు. తలుపు ఓడిపోయేది రెండోదాంట్లనే. క్లోజర్ కింద నూనె చార కనపడితే రిపేరు మాట మరిచి కొత్తది వేసుడే. మనోళ్లేమో క్లోజర్ చెయ్యి పిన్ను ఊడదీసి, ఆ చెయ్యిని మడిచి, “ఇప్పుడు ఎంత సాఫీగా పోతుంది సార్” అంటరు.

తలుపు నేలకు రాస్తుంటే క్లోజర్‌ను తిట్టుడు దండుగ. హింజిల స్క్రూలు వదులై తలుపు వాలి ఉంటది. హింజిలు మూడిటికి తగ్గొద్దు. ఒక్కదాంట్ల ఒక్క స్క్రూ పోయినా అదే సైజుది పెట్టాలె. అట్ల కాక వడ్లాయనను పిలిచి అడుగు చెక్కిస్తే పొగకు దర్జాగ దారి వేసినట్టే.

సందులు కొలిచేతందుకు దుకాణాలల్ల ఎవరూ తీసుకోని పది రూపాయల బిళ్లలు పనికొస్తయి. రెండు కలిపి సుమారు మూడున్నర మిల్లీమీటర్లు. పక్కలకు, పైన సందు రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల లోపల ఉండాలె. మూడో బిళ్ల కూడ దూరిందంటే అయిదు దాటినట్టే, పని మొదలు పెట్టాలె.

ఆ సందులనే ఒక పట్టీ ఉంటది. సుమారు 200 డిగ్రీల వేడికి అది ఉబ్బి సందును మూసేస్తది. అంతకన్న ముందు వచ్చే చల్ల పొగను ఆపేది మాత్రం దాని పక్క బ్రష్ వెంట్రుకలే. వారోత్సవాల ముందు తలుపులకు కొత్త ఎర్ర రంగు వేస్తరు చూడు, అప్పుడే ఆ వెంట్రుకలన్నీ అతుక్కపోతయి. భద్రత కోసం భద్రతను చంపుడంటే ఇదే!

రెండు రెక్కల తలుపైతే ఇంకో చిక్కు. నడుమ సందును కప్పే పెదవి ఉన్న రెక్క ముందు పడితే రెండోది బయటనే ఆగిపోతది. వరస తప్పకుండ చూసే కోఆర్డినేటర్ పైన ఉంటది, అది వంగిందా చూడాలె. జిన్నింగ్ మిల్లులల్ల దూది నుసి చేరి నేలల బోల్ట్ గుంత నిండిపోతది. నెలకొకసారి ఊడ్చకపోతే బోల్ట్ దిగదు. సీసీ కెమెరా వైరు కోసం తలుపుకు బెజ్జం కొట్టుడు, పగిలిన అద్దం జాగల బజారు అద్దం పెట్టుడు, ఈ రెండిటి గురించి రాస్తే ఉత్తరం తెగదు. మామూలు అద్దం మంట ముందట కొన్ని నిమిషాలకే పగుల్తది, అంతే.

పాలెట్ ట్రక్కు దారిల నిజంగనే తలుపు తెరిచి ఉండాలంటే నీ జాగల విద్యుదయస్కాంత హోల్డర్ పెట్టాలె. ఫైర్ అలారం మోగినా, కరెంటు పోయినా అది తలుపును వదిలేస్తది. నువ్వు మాత్రం వదలవు, అదే నీతోని తంటా. వారానికొకసారి బటన్ నొక్కి అది వదులుతుందా చూస్తే చాలు. ఉక్కపోతకు షెడ్డు పైన ఎగ్జాస్ట్ ఫ్యాన్లు పెట్టుకోవాలె; మెట్ల దారి ఉన్నది మనుషులు బయటపడేతందుకు. సోమవారం నుంచి నీకు క్యాంటీన్ ఎనక కుళాయి కింద పోస్టింగ్. ఆడ బురద బాగ అయితుంది, బిందెలు పెట్టుకునేతందుకు ఆధారమైతవు.

ఇట్లు,
మెయింటెనెన్సోళ్లు

తా.క. గోదాం దిక్కు తలుపుకు, నొక్కంగనే తెరుచుకునే పుష్ బార్‌కు వేలాడే గొలుసు, తాళం నీకు చుట్టమేనట కద. బయటపడే తలుపు లోపలి నుంచి తాళంచెవి లేకుండ తెరుచుకోవాలని చెప్పు. దొంగల భయమైతే బార్ నొక్కంగనే మోగే అలారం బిగిస్తమని కూడ చెప్పు.