మా నాయన వాల్యూమ్ 42

కడప ఎర్రముక్కపల్లెలో మా ఇంటి టీవీ వాల్యూమ్ పోయిన ఏడాది 35 ఉండేది. ఈ మే నెలలో వెళ్ళి చూస్తే 42. అమ్మ దానికి అలవాటుపడి వంటింట్లోంచే గొంతెత్తి మాట్లాడుతోంది. పక్కింటివాళ్ళు మర్యాదస్తులు, ఏమీ అనరు. నేనే దిగిన రెండోరోజు "సౌండు తగ్గించు నాయనా" అని మొదలుపెట్టాను. "యాడబ్బా, ఉండేదే తక్కువ" అన్నాడాయన.

నాకు ఎక్కువ, ఆయనకు తక్కువ. ఈ తగువు మాటలతో తెగదు. సరే కొలుద్దామని ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ వేసుకున్నాను. అసలు 42 అనే అంకెకు బయట విలువ లేదు. అది ఆ టీవీ తనకు తాను వేసుకున్న మార్కు. ఇంకో టీవీలో 42 గుసగుసలాగా ఉండొచ్చు. అదే టీవీలో పాత రికార్డుకూ ఇప్పటి సినిమా పాటకూ బోలెడు తేడా. అందుకే కొలవాల్సింది టీవీ దగ్గర కాదు, చెవి దగ్గర. నాయన కుర్చీలో కూర్చుని, ఫోన్‌ను చెవి ఎత్తున పట్టుకుని, ఒక కీర్తన మొదటినుంచి చివరిదాకా పోనిచ్చాను. ఎగిరెగిరిపడే అంకెల్ని వదిలేసి సగటు చూస్తే 78 డెసిబెల్స్. ఫోన్ మైకు కదా, రెండు మూడు అటో ఇటో వేసుకోండి.

"ఆ మిషను టీవీని కొలుస్తాండాదా, నన్నా?" అన్నాడు నాయన.

తర్వాత టీవీ ఆపి మళ్ళీ కొలిచాను. ఫ్యాను, కూలరు మాత్రమే తిరుగుతుంటే 61! కడప మే నెల ఎండలో కూలరు ఆపమనే ధైర్యం ఎవరికుంది? ఆ హోరు మీద పాట వినబడాలంటే వాల్యూమ్ పెంచక తప్పదు. సాయంత్రం కూలరు ఆపేస్తారు, పెంచిన వాల్యూమ్ మాత్రం అక్కడే ఉండిపోతుంది. దానికితోడు కింద కడప బండలు, పైన స్లాబు, నాలుగు బోడిగోడలు. శబ్దాన్ని మింగే వస్తువు ఆ హాల్లో ఒక్కటీ లేదు. నేనుండే అమెరికాలో, డాలస్‌లో మా ఇంట్లో కార్పెట్టు, సోఫాలు, మందపాటి కర్టెన్లు. అక్కడి చెవులతో వచ్చి ఇక్కడి గదిని తప్పుపట్టడం ఎన్నారైలకు మామూలే.

డెసిబెల్ లెక్క రూపాయల లెక్కలాంటిది కాదు. 70 మీద మరో పది పెరిగి 80 అయితే శబ్దశక్తి పదింతలవుతుంది, చెవికి మాత్రం సుమారు రెండింతలనిపిస్తుంది. మూడు పెరిగితే చాలు, శక్తి రెట్టింపు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పెద్దవాళ్ళు 80 డెసిబెల్స్‌లో వారానికి 40 గంటలు వినొచ్చు. 83 అయితే 20 గంటలే. 86కు పది, 89కి ఐదు.

నాయన రోజుకు ఐదు గంటలు వింటాడనుకున్నా, 78 దగ్గర ఆయన హద్దులోనే ఉన్నాడు. మరి నేను? జిమ్ములో రోజూ గంటసేపు ఇయర్‌ఫోన్లు. ఫోన్ తనంతట తానే రాసిపెట్టుకున్న లెక్క తెరిచి చూస్తే సగటు 89. వారానికి ఏడు గంటలు. హద్దు దాటింది నేను. (డాలస్‌లో మన తెలుగువాళ్ళ ఉగాది సభలో స్టేజీ ముందు కూర్చుని కొలిచినప్పుడు 95 వచ్చింది. ఆ లెక్కన వారం కోటా గంటంబావులో అయిపోతుంది. మన ప్రోగ్రాం నాలుగు గంటలు, ముందు వరసల్లో పిల్లలు. కమిటీవాళ్ళకు కోపమొచ్చినా సరే, రాస్తున్నాను.)

అయితే 42 ఏం చెబుతున్నట్టు? ఆ శబ్దం నాయన చెవిని పాడుచేస్తోందని కాదు, చెవి ముందే తగ్గిందని. వయసు మీదపడ్డాక ముందు పోయేవి సన్నని, హెచ్చుస్థాయి ధ్వనులు. మాటల్లో స, శ, త, క లాంటి హల్లులకు పదును ఇచ్చేవి అవే. అచ్చులు చాలాకాలం నిలుస్తాయి. మన తెలుగు మాటలు దాదాపు అన్నీ అచ్చుతోనే ముగుస్తాయి కాబట్టి శబ్దం వినబడుతూనే ఉంటుంది, మాటే తెలియదు. వాల్యూమ్ పెంచితే హల్లుతోపాటు అచ్చూ పెరుగుతుంది, మొత్తం గోల అవుతుంది.

అన్నమయ్య కీర్తనలు నాయనకు కంఠతా వచ్చు. చెవి వదిలేసిన అక్షరాన్ని జ్ఞాపకం అందిస్తుంది. అందుకే తనకు తక్కువ వినబడుతోందని ఆయనకే తెలియలేదు. కొత్త మాట దగ్గర మాత్రం జ్ఞాపకం పనిచేయదు. నా కూతురు వీడియో కాల్‌లో ఏదో చెబుతుంది, ఆయన "ఆఁ ఆఁ" అని నవ్వుతాడు. తాతకు తన తెలుగు అర్థం కావడం లేదని ఆ పిల్ల అనుకుంది. రెండేళ్ళుగా మేమూ అదే అనుకున్నాం.

మనం ఊరికి వెళ్ళేటప్పుడు సూట్‌కేసులో ఏం పెడతాం? బ్లూటూత్ స్పీకరు, సౌండ్‌బారు. నేను రెండు పట్టుకెళ్ళాను. అంటే చెవి తగ్గిన మనిషికి ఇంకా పెద్ద గొంతు కొనిచ్చాను. ఆ డబ్బులో చిన్న భాగంతో, ఒక పూటలో చెవి పరీక్ష అయిపోతుంది. కళ్ళజోడుకు పడని మొహమాటం చెవి మిషనుకు ఎందుకు పడతామో నాకు అర్థం కాదు.

నాయనకు ఆ పరీక్ష చేయించాం. పరీక్ష కాగితంలో గీత కుడివైపుకు, హెచ్చుస్థాయి ధ్వనుల వైపుకు, జారిపోయి ఉంది. నాయన ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు. "చెవిలో మిషను ఇప్పుడే వద్దులే" అన్నాడు. ఇంకా ఒప్పుకోలేదు. ఈలోపు కూలరును కిటికీ అవతలికి మార్చాం. బండల మీద జంపఖానా పరిచాం. సౌండ్‌బారును టీవీ కింద నుంచి తీసి ఆయన కుర్చీ పక్కన స్టూలు మీద పెట్టాం. కీర్తన అదే, కుర్చీ అదే. ఇప్పుడు చెవి దగ్గర 70. అమ్మ మామూలు గొంతుతో పిలిస్తే పలుకుతున్నాడు.

నేను డాలస్ వచ్చిన తర్వాతి ఆదివారం కాల్‌లో పిల్ల గబగబా ఏదో చెప్పింది. నాయన నవ్వలేదు. ఫోన్ దగ్గరికి జరిపి, "నిదానంగా చెప్పు తల్లీ, మళ్ళా ఒకసారి" అన్నాడు.