చిన్నదైతే చట్టం వర్తించదా?

నాలుగు గదులు, ఒక వసారా, ఆవరణలో చెట్ల కింద నిలబెట్టిన శిల్పాలు, ఇద్దరు ముగ్గురు సిబ్బంది. మన జిల్లా మ్యూజియంలలో చాలా వాటి స్వరూపం ఇంతే. ఆ నాలుగు గదుల్లోకి చక్రాల కుర్చీ ఎందుకు వెళ్లలేకపోతోందని అడిగితే ఏటా వచ్చే జవాబు కూడా ఒక్కటే: ఇది చిన్న మ్యూజియం, నిధులు లేవు. నిధులు లేవన్నది నిజమే కావచ్చు. చిన్నది కాబట్టి మినహాయింపు ఉందన్నది మాత్రం శుద్ధ అబద్ధం.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రజలు వాడే భవనాలను చిన్నవని, పెద్దవని విడదీయలేదు. 2017 జూన్‌లో నిబంధనలు వెలువడిన నాటి నుంచి అయిదేళ్లలో వాటన్నింటినీ దివ్యాంగులకు అందుబాటులోకి తేవాలన్న గడువు 2022 జూన్‌తో తీరిపోయింది. కళలను దివ్యాంగుల చెంతకు చేర్చాలని, వారి చరిత్రను చెప్పే మ్యూజియం ఒకటి నెలకొల్పాలని 29వ సెక్షన్ విడిగా చెప్పింది. 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు, హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం సమర్పించిన నివేదికను పరిశీలించి, దివ్యాంగులకు భవనాలు ఎలా అనువుగా ఉండాలో చెప్పే ప్రమాణాలను ఉత్త సలహాలుగా వదిలేసిన 15వ నిబంధన చట్టవిరుద్ధమని తేల్చింది. తప్పనిసరి ప్రమాణాలను మూడు నెలల్లో రూపొందించాలని కేంద్రాన్ని ఆదేశించింది. ప్రమాణాలు పాటించని కొత్త భవనానికి పూర్తయినట్లు ధ్రువపత్రం ఇవ్వరాదని ఇదే చట్టం చెబుతుంది. పౌరుడు కట్టుకునే భవనానికి షరతు పెట్టే సర్కారు, తన గడప దగ్గర మాత్రం చూసీచూడనట్లు పోతోంది.

ఈ మధ్య ఒక జిల్లా మ్యూజియంలో కనిపించిన దృశ్యం ఇది. గుమ్మం ముందు ఆరేసి అంగుళాల మెట్లు రెండు. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలన్నది ర్యాంపు లెక్క. అక్కడ వాల్చింది నాలుగడుగుల ఇనుప రేకు. దాని మీదుగా కుర్చీ ఎక్కాలంటే వెనక ఇద్దరు తోయాలి, దిగాలంటే దేవుడే దిక్కు. లోపల వివరాల చీటీలన్నీ నిలబడ్డ మనిషి కంటి ఎత్తున ఉన్నాయి. కూర్చున్న వారికి అద్దం మీద పడే ట్యూబులైటు వెలుగు తప్ప ఏమీ కనిపించదు. చూపు లేని వారి కోసం ఉన్నదల్లా ‘ముట్టరాదు’ అన్న బోర్డు, అదీ వారు చదవలేనిది. మరుగుదొడ్డికి తాళం, లోపల విరిగిన కుర్చీలు. దివ్యాంగులు ఎవరూ రావడం లేదని అక్కడి ఉద్యోగి అమాయకంగానే అన్నారు. సందర్శకుల పుస్తకం ఆ రెండు మెట్లూ ఎక్కాక ఉన్న బల్ల మీద ఉంది మరి.

పాత కట్టడాలను ఇష్టం వచ్చినట్లు మార్చకూడదన్న అభ్యంతరంలో కొంత న్యాయం ఉంది. కానీ అవసరమైనప్పుడు వేసి, తర్వాత తీసి పెట్టుకునే చెక్క ర్యాంపుకు ఏ గోడా పగలగొట్టనక్కరలేదు. చీటీలను రెండడుగులు కిందికి దించడానికి సుత్తి, నాలుగు మేకులు చాలు. ఢిల్లీలోని నేషనల్ మ్యూజియం చేత్తో తడిమి తెలుసుకునే ప్రతిరూపాలతో ‘అనుభవ్’ అనే గది ఏర్పాటు చేసింది. మనకు మాచర్ల పక్కనే దుర్గిలో తరతరాలుగా రాయి చెక్కే శిల్పులు ఉన్నారు. కృష్ణా లోయ బౌద్ధ శిల్పాలకు తాకి చూడదగ్గ నకళ్లు చేయించడానికి వారిని పిలవాలన్న ఆలోచన ఎవరికీ ఎందుకు రాదో అంతుపట్టదు. నాగార్జునకొండ ద్వీపంలోని మ్యూజియానికి లాంచీ ఎక్కక తప్పదు కాబట్టి అక్కడ పని రేవు దగ్గరే మొదలు కావాలి, అది కష్టమే. ఆ కష్టాన్ని చూపించి జిల్లా కేంద్రంలో రోడ్డు పక్కనున్న రెండు మెట్లను వదిలేస్తామంటే కుదరదు.

ఈ సాకును ఒకసారి ఒప్పుకుంటే అది మ్యూజియంతో ఆగదు. రేపు శాఖా గ్రంథాలయమూ చిన్నదే, ఎల్లుండి అంగన్‌వాడీ చిన్నదే, పంచాయతీ కార్యాలయమూ చిన్నదే. మండల కేంద్రంలో పెద్ద భవనం ఎక్కడుంది? 2011 జనగణన ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగులు 22.66 లక్షల మంది. దేశం మొత్తం మీద వారిలో దాదాపు 70 శాతం ఉండేది గ్రామాల్లోనే. చిన్న భవనాలను వదిలేయడమంటే వీరిని వదిలేయడమే. చట్టం సచివాలయానికీ విమానాశ్రయానికీ మిగులుతుంది.

చిన్న మ్యూజియంల సిబ్బందిని నిందించి లాభం లేదు. కేంద్ర సాంస్కృతిక శాఖ మ్యూజియంలకు గ్రాంట్లు ఇస్తుంది. కానీ అంచనాలు వేసి, ప్రతిపాదన రాసి, ఢిల్లీకి పంపడానికి అక్కడ ఇంజినీరు ఏడీ? ఆ సాయం చేయాల్సింది రెండు రాష్ట్రాల పురావస్తు శాఖలు. చక్రాల కుర్చీ వాడేవారిని, చూపు లేని వారిని వెంటబెట్టుకుని ప్రతి మ్యూజియానికీ వెళ్లి కొలతలు తీసుకోవాలి, ఆ కొలతలను బహిరంగంగా ప్రకటించాలి. వికలాంగులు, విభిన్న ప్రతిభావంతులు, దివ్యాంగులు అంటూ పేర్లు మార్చడానికి దొరికిన తీరిక దీనికీ దొరకాలి. వచ్చే డిసెంబరు 3న దివ్యాంగుల దినోత్సవ సభను మంత్రులు ఏసీ ఆడిటోరియంలో కాకుండా ఏదో ఒక జిల్లా మ్యూజియం లోపలి గదిలో పెట్టాలి. సన్మానం అందుకోవాల్సిన వారిని ఆ నాలుగడుగుల రేకు మీదుగా లోపలికి ఎలా తీసుకెళ్తారో అప్పుడు చూద్దాం.