మా ఓడకు ముక్కెటు?

చెన్నై ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు)లో మేముండే అపార్ట్‌మెంటుకు రెండు టవర్లు. ఏ, బీ అంటే మరీ నాటుగా ఉంటుందని కాబోలు, బిల్డరు గారు ఓడ కుడి, ఎడమ పక్కల పేర్లు తెచ్చి ఒకదానికి స్టార్‌బోర్డ్ అని, రెండోదానికి లార్‌బోర్డ్ అని నామకరణం చేశారు. మేడెక్కి ఎంత మెడ సాచినా మాకు కనబడే జలరాశి పక్కవాళ్ల వాటర్ ట్యాంకు ఒక్కటే.

స్టార్‌బోర్డ్ అంటే నక్షత్రాలు చూసే వైపట. ఇది మా అసోసియేషన్ సెక్రటరీ గారి పరిశోధన. మన నెల్లూరాయనే కదా అని ఓట్లేశాం, అనుభవిస్తున్నాం. ఆ నమ్మకంతోనే లాబీ కప్పు నిండా రేడియం చుక్కలు అంటించారు. అయ్యా, అందులో ఉన్నది చుక్క కాదు, చుక్కాని! పాత ఇంగ్లీషులో 'స్టెయోర్' అంటే ఓడను నడపడం, 'బోర్డ్' అంటే ఓడ పక్క. కుడిచేతివాటం వాళ్లే ఎక్కువ కాబట్టి పూర్వం ఓడ నడిపే తెడ్డు కుడిపక్కన ఉండేది. రేవులో అది నలిగిపోకుండా ఎడమపక్కను గట్టుకు ఆనించి సరుకెక్కించేవారు. ఆ సరుకెక్కించే పక్కను లార్‌బోర్డ్ అనేవారు.

గాలివానలో ఈ రెండు మాటలూ అరిస్తే చెవిలో పడేది ఒకటే తోక. అందుకే బ్రిటిష్ నౌకాదళం 1844లో, అమెరికా నౌకాదళం 1846లో లార్‌బోర్డ్‌ను వదిలేసి 'పోర్ట్' అనమని తమవాళ్లను ఆదేశించాయి. నావికులు చెత్తబుట్టలో వేసిన ఆ మాటను మా బిల్డరు గారు వెతికి తీసి, దుమ్ము దులిపి, గేటుకు ఇత్తడి అక్షరాల్లో తగిలించారు.

రోజూ రాత్రి ఎనిమిదింటికి మా ఫోన్లో ఒక నాటకం నడుస్తుంది.

"సార్, స్టార్‌బోర్డ్ కింద ఉన్నాను."

"బాబూ, మాది లార్‌బోర్డ్."

"అదే సార్, లార్‌బోర్డ్ అనే అంటున్నాను."

ఈలోగా బిర్యానీ చల్లారిపోతుంది. కుడివైపుది స్టార్‌బోర్డ్ అని చెప్పండి, సింపుల్ అంటారు సెక్రటరీ గారు. కుడి ఎవరికి? లోపలికొచ్చేవాడికా, బయటికెళ్లేవాడికా? ఎవరు ఎటు తిరిగి నిలబడ్డా మారకపోవడమే ఓడలో ఈ మాటలకున్న సుగుణం. ముక్కు వైపు చూస్తే కుడిచేతి పక్కది స్టార్‌బోర్డ్, అంతే. మరి మా ఓడకు ముక్కెటు? ఇదే ప్రశ్న జనరల్ బాడీలో అడిగాను. గేటే ముక్కని కొందరు, స్విమ్మింగ్ పూలని కొందరు. వాస్తు తెలిసినాయన లేచి ముక్కు ఈశాన్యంలోనే ఉండాలన్నారు. మరి ఈశాన్యంలో జనరేటర్ ఉందే అని ఎవరో అన్నారు. జనరేటర్‌ని జరపడానికి కొటేషన్లు పిలుద్దామని ఇంకెవరో బలపరిచారు. రెండు గంటలు గడిచి, సమోసాలు అయిపోయాక, ముక్కు వాయిదా పడింది.

పోయిన నెల అర్ధరాత్రి మా కింది ఫ్లోరు పెద్దాయనకు గుండెనొప్పి వచ్చింది. అంబులెన్స్ వచ్చింది, అవతలి టవరుకెళ్లింది. స్ట్రెచరు ఏడో అంతస్తుకెక్కి ఎవరిదో తలుపు కొట్టింది. ఇక్కడ వాళ్లావిడ బాల్కనీలోంచి "లార్‌బోర్డ్ బాబూ, లార్‌బోర్డ్!" అని గొంతు చించుకుంటోంది. డెబ్బై ఏళ్ల మనిషి ప్రాణభయంతో అరవాల్సిన మాటా అది? పెద్దాయన బతికాడు, అది ఆయన అదృష్టం. సిగ్గుండాలి మనకు! సముద్రం మీద మనిషి చావకూడదని మార్చిన మాటను బ్రోచరు అందం కోసం మన గుమ్మాల మీద రాయించుకున్నాం. తీసేద్దామంటే 'రీసేల్ వాల్యూ' పోతుందట.

ఆ మర్నాడు మా వాచ్‌మన్ బొగ్గుముక్క తీసుకుని ఒక గోడ మీద 'కోయిల్ పక్కం' (గుడి వైపు) అనీ, రెండో గోడ మీద 'ట్రాన్స్‌ఫార్మర్ పక్కం' అనీ తమిళంలో పెద్దక్షరాలతో రాశాడు. వారం రోజులు బిర్యానీ వేడివేడిగా వచ్చింది. ఎనిమిదో రోజు సెక్రటరీ గారు సున్నం వేయించారు. ఖర్చు మెయింటెనెన్స్‌లో కలిపారు.