బైక్ పార్క్ ఉంది కదా అంటే సరిపోదు

మొన్న మ్యూనిక్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో, ఆస్ట్రియా అడవుల్లో సైకిల్ తొక్కనివ్వరన్న బాధ చెప్పుకుంటే ఒకాయన "అన్నా, నీకు బైక్ పార్క్ ఉంది, పైకి మోసుకెళ్ళడానికి లిఫ్ట్ ఉంది, ఇంకా అడవెందుకు?" అన్నాడు. నలుగురు దానికి బొటనవేళ్ళు కూడా పెట్టారు. అక్కడ రెండు ముక్కల్లో జవాబు చెప్పలేక ఇక్కడ రాస్తున్నా, కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మన దగ్గర బైక్ అంటే మోటార్ సైకిల్ అనుకుంటారు కాబట్టి ముందే చెప్తున్నా, ఇది తొక్కే సైకిలే. లావు టైర్లు, గట్టి బ్రేకులు, ముందూ వెనకా సస్పెన్షన్ ఉండే మౌంటెన్ బైక్. బైక్ పార్కంటే బళ్ళు నిలిపే చోటు కాదు, ఈ సైకిళ్ళతో దిగడానికని కొండ మీద దారులు కట్టిపెట్టిన చోటు, ఆ దారుల్నే ట్రైళ్ళంటారు.

బైక్ పార్కులంటే నాకు పడదని ఎవరూ అనుకోవద్దు. ఆస్ట్రియాలోని సాల్‌బాక్‌కి ఏడేళ్ళుగా ప్రతి వేసవీ వెళ్తున్నా. చలికాలంలో స్కీయింగ్ చేసేవాళ్ళని మోసే లిఫ్టులే వేసవిలో సైకిళ్ళనీ మోస్తాయి. ఊరు దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంటే షాట్‌బర్గ్ అనే కొండ పైకొస దగ్గర దగ్గర 2,020 మీటర్లు. అక్కణ్ణించి ఎక్స్-లైన్ అనే ట్రైల్‌లో దిగితే చెట్ల వేళ్ళు, రాళ్ళు, జంపులు, మళ్ళీ వేళ్ళు, వెయ్యి మీటర్ల దిగుడు అయ్యేసరికి చేతివేళ్ళు బ్రేకు మీదే బిగుసుకుపోయి విప్పడానికి రావు. ఎదురుకొండకి అటుపక్క లియోగాంగ్‌లో 2001 నుంచి బైక్ పార్క్ నడుస్తోంది, 2012లోనూ 2020లోనూ ప్రపంచ ఛాంపియన్‌షిప్ పోటీలు అక్కడే జరిగాయి. మా అబ్బాయి తొమ్మిదేళ్ళప్పుడు భయం పోగొట్టుకుంది కూడా ఈ లోయలోనే, ఒక తేలికపాటి ట్రైల్ మీద.

ఆ ట్రైళ్ళు వాటంతట అవి పుట్టవు. పోయినేడు ఒక పొద్దున, రాత్రంతా వాన కొట్టి వెలిసింది, లిఫ్ట్ ఇంకా తెరవలేదు. కింది మలుపు దగ్గర ముగ్గురు పనివాళ్ళు కనిపించారు. గోడలా ఏటవాలుగా కట్టిన మట్టిమలుపు, దాన్ని బెర్మ్ అంటారు, వాన నీళ్ళకి మధ్యలో పంటకాలువ తీసినట్టు కోసుకుపోయింది. ఒకాయన పారతో ఆ కోత అంచులు చెక్కుతున్నాడు, ఇంకొకాయన బకెట్లతో తడిమట్టి తెచ్చి పోస్తున్నాడు, మూడో మనిషి దిమ్మిస యంత్రంతో దాన్ని అణుస్తున్నాడు. పొడిమట్టి పోస్తే మధ్యాహ్నానికే రాలిపోతుందట, ముద్ద కట్టేంత తడి ఉండాలట, పిడికిట్లో నొక్కి చూపించాడు. "బ్రేకు మలుపులోకి రాకముందే పట్టండి, మలుపు మధ్యలో పట్టొద్దు, మీరు జారిన ప్రతిసారీ మాకు ఒక బకెట్" అన్నాడు. ఆ మాట విన్నాక నేను తొక్కే తీరే మారింది.

అంత గౌరవం ఉంది నాకు బైక్ పార్కంటే. కానీ అది ఈతకొలను లాంటిది. కొలను ఉంది కదా అని ఏట్లో దిగొద్దంటే ఎలా? టిక్కెట్ కొని, లిఫ్ట్ తెరిచిన వేళకి వచ్చి, గీసిన గీత మీద కిందికి దిగడం ఒక ఆనందం. సొంత కాళ్ళతో రెండు గంటలు అడవిదారి ఎక్కి, ఎక్కడో ఊట దగ్గర నీళ్ళు పట్టుకుని, మెల్లగా దిగి రావడం పూర్తిగా వేరే ఆనందం. ఇంటిల్లిపాదికీ టిక్కెట్లు కొనలేనివాళ్ళకి ఆ రెండోదే దిక్కు. దాన్నే ఆస్ట్రియా మూసేసింది.

మూసేసింది అంటే ఎలాగో చెప్తా. అక్కడి అడవుల చట్టం 1975 నాటిది. దాని 33వ సెక్షన్ ప్రకారం ఎవరైనా అడవిలోకి వెళ్ళి సేదదీరొచ్చు, నడవొచ్చు, అది చాలా గొప్ప హక్కు. కానీ సైకిల్ తొక్కాలంటే అడవి యజమాని ఒప్పుకోవాలి, అడవిరోడ్డయితే దాన్ని చూసుకునేవాళ్ళు ఒప్పుకోవాలి. కాలినడకకి అక్కర్లేని అనుమతి చక్రానికి కావాలి. కాలిఫోర్నియాలో కుర్రాళ్ళు పాత సైకిళ్ళని మార్చుకుని కొండలు దిగడం 1970ల చివర్లో ఊపందుకుంది, కొట్లలో మౌంటెన్ బైకులు మామూలైంది 1980లలో. ఈ వాహనం ఇంకా ఎదగకముందు రాసిన రూలు ఇది, ఇప్పటికీ అదే పట్టుకుని కూర్చున్నారు. దేశంలో దాదాపు సగం అడవే మరి.

ఇక్కడ, మ్యూనిక్ ఉన్న జర్మనీ రాష్ట్రం బవేరియాలో అలా లేదు. ప్రకృతిలో తిరిగే హక్కు అందరికీ ఉందని రాజ్యాంగం 141వ అధికరణంలోనే రాసుకున్నారు. అనువైన దారుల్లో సైకిల్ తొక్కొచ్చు, నడిచేవాళ్ళకి మాత్రం ముందు దారి ఇవ్వాలి. ఒకే కొండ, ఒకే రకం చెట్లు, ఒకే రకం గొర్రెలు, మధ్యలో ఒక సరిహద్దు రాయి. రాయికి ఇటుపక్క నేను మామూలు మనిషిని, అటుపక్క తప్పు చేసినవాణ్ణి.

నిజంగానే జరిగింది నాకు. రెండేళ్ళ కిందట ఆ రాయి దాటి, లారీలు దుంగలు మోసుకెళ్ళే కంకర రోడ్డు మీద తొక్కుతుంటే ఒక పెద్దాయన కుక్కని పట్టుకుని రోడ్డుకి అడ్డంగా నిలబడ్డాడు. గదమాయించలేదు, తిట్టలేదు. దిగి నడవమన్నాడు, బండి నంబరేదీ లేదు కాబట్టి పేరు అడిగి రాసుకున్నాడు. కోర్టు నోటీసు వస్తుందేమోనని ఒక నెల టెన్షన్ పడ్డాను, రాలేదు. దుంగల లారీ టైర్లు చేసిన గాడులు చీలమండ లోతున ఉన్న ఆ రోడ్డు మీద సైకిల్ నెట్టుకుంటూ ఆరు కిలోమీటర్లు నడిచాను. నా టైరు ఆ రోడ్డుకి ఏం నష్టం చేస్తుందో నాకిప్పటికీ అర్థం కాలేదు.

సైకిళ్ళు వద్దనేవాళ్ళ మాటలూ విన్నాను. ఎవరైనా పడి చెయ్యి విరిగితే యజమాని మీదకి వస్తుందంటారు. అక్కడి చట్టంలో దారి చూసుకునేవాడు ఘోరమైన నిర్లక్ష్యం చేస్తేనే బాధ్యుడు. ఆ భయం కూడా పోవాలంటే ఆస్ట్రియాలోనే టిరోల్ రాష్ట్రం ఉంది, 1997 నుంచి యజమానులతో ఒప్పందాలు రాసుకుని, బీమా భారం ప్రభుత్వమే పెట్టుకుని దారులు తెరుస్తోంది. మంచి పనే, కానీ అదీ ఒక్కో దారికీ ఒక్కో కాగితం. రెండోది జంతువుల సంగతి, అందులో న్యాయం ఉంది, నేను కాదనను. తెల్లవారుజామునా మునిమాపునా జింకలు మేతకి వస్తాయి, ఆ వేళ హెడ్‌లైట్ వేసుకుని అడవిలో పడేవాళ్ళంటే నాకూ కోపమే. వేళలు పెట్టండి, పిల్లలు పెట్టే కాలంలో కొన్ని దారులు మూయండి, మేం ఆగుతాం. మూడోది, నడిచేవాళ్ళని గుద్దేస్తారని. ఇరుకు దారిలో మనుషులు కనపడగానే ఆగి, కాలు కింద పెట్టి, నమస్కారం చెప్పనివాడు సైకిల్ ఇంట్లో పెట్టుకోవాలి, అంతే.

ఇది కుదిరే పనేనా అంటే స్విట్జర్లాండ్ చూడండి. 2018 సెప్టెంబర్‌లో జనం ఓట్లేసి, 73.6 శాతం మంది ఒప్పుకుని, సైకిల్ దారుల మాటని రాజ్యాంగంలోకే ఎక్కించారు. 2023 జనవరి 1 నుంచి చట్టం అమల్లో ఉంది, మౌంటెన్ బైక్ దారులు కూడా అందులో భాగమే. అక్కడి గ్రౌబ్యూండెన్ రాష్ట్రంలో చాలావరకు నడకదారుల మీదే సైకిళ్ళూ వెళ్తాయి. ఆ రాష్ట్రంలోనే లెన్సర్‌హైడె అనే ఊళ్ళో ఒక వారం తొక్కాను, ఎదురైన ముసలమ్మలు పక్కకి జరిగి "గ్రూట్సీ" అని పలకరించారు. అక్కడ బైక్ పార్కూ ఉంది, అడవీ ఉంది, ఒకటి ఉందని రెండోది మూయలేదు.

చిన్నప్పుడు మా ఊళ్ళో గంటకింత అని అద్దె సైకిల్ తీసుకుని చెరువుగట్టు మీద తొక్కేవాళ్ళం. గట్టు ఎవరిదని ఎవరూ అడగలేదు, గేదెలు వస్తే మేమే దిగి పక్కకి తప్పుకునేవాళ్ళం. మా అబ్బాయికి అలాంటి గట్టు ఒకటి కావాలని నా ఆశ. వాడు లిఫ్టుకి టిక్కెట్ ఉన్న రోజే కొండ ఎక్కొచ్చనుకుంటూ పెరగడం నాకు ఇష్టం లేదు.

పోయిన ఆదివారం ఇద్దరం ఆ సరిహద్దు రాయి దాకా ఎక్కాం. అవతల రోడ్డు ఖాళీగా, ఎండపొడతో, మెల్లగా కిందికి దిగుతూ కనిపిస్తోంది. "నాన్నా, ఎవరూ లేరు కదా, వెళ్దామా?" అన్నాడు. వద్దన్నాను. రాయి మీద కూర్చుని తెచ్చుకున్న పులిహోర తిని, వచ్చిన దారినే వెనక్కి దిగాం.